వెనక బెంచీలో మాష్టారు

పాతభాష క్లాసులో ఆ ఏడు ఒక్కరూ చేరలేదు. "కొత్తభాష నేర్చుకుని చెప్పండి మాష్టారూ, లేకపోతే మీ ఉద్యోగం నేను నిలబెట్టలేను," అని హెడ్మిస్ట్రెస్ తేల్చేసింది. జుట్టు నెరిసేదాకా కావ్యాలు బోధించిన మాష్టారు తొమ్మిదో తరగతి వెనక బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ముందు బెంచీలో ఆయన కూతురు.

టీచరమ్మ కొత్తభాష పాఠం చదవమంటే, మాష్టారు ప్రతి అక్షరాన్నీ కావ్యాల అలవాటుకొద్దీ రాగం తీసి పలికారు. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఇంటికొచ్చాక కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, నేనూ నవ్వాను."

"ముసలి నాలుక, ఎటు తిప్పినా తిరగదు. నవ్వరూ మరి?" అన్నారు చెప్పులు విప్పుతూ. "రేపట్నుంచి పక్క సెక్షన్లో కూర్చుంటాలే తల్లీ."

వద్దంటుందేమోనని కాసేపు చూశారు. ఆ పిల్ల తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది.