రెండు బండ్ల వెడల్పు

మా వీధి చివర ఖాళీ స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తుందని తెలిసినప్పుడు మాలో ఎవరికీ పెద్దగా ఏమీ అనిపించలేదు. ఏజెన్సీ హద్దు గీత మా ఊరికి రెండు మైళ్ళ అవతల ఉంది. అక్కడినుంచి అడవి ఊళ్ళు. గిరిజనులు కానివాళ్ళకు అక్కడ గుంట నేల కూడా రిజిస్టర్ కాదు. అందుకని పాల్వంచ థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయ్యేవాళ్ళు సొంత గూడు కోసం గీతకు ఇవతలే వెతుక్కునేవారు. ఇవతల ఉన్నది మేము.

అపార్ట్‌మెంట్‌కు ఒకటే అడ్డంకి. అయిదంతస్తులు కట్టాలంటే ముందు రోడ్డు ముప్పై అడుగులుండాలట. మా వీధి అరుగు నుంచి అరుగుకు ఇరవై నాలుగు. అభ్యంతరాలుంటే మంగళవారం పొద్దున, ప్లానింగ్ ఆఫీసరు స్థలం చూడటానికి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చని పంచాయతీ గోడకు నోటీసు అంటించారు.

ఆ నోటీసును మా ఎదురింటామె నాలుగుసార్లు చదివింది. భర్త పోయాక జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతున్న మనిషి. కుట్టుమిషను అరుగు మీదే ఉండేది. ఆ ఇంటికి కిటికీ లేదు. కరెంటు పుట్టేది మా పక్కనే అయినా పగలు మా దాకా వచ్చేది కాదు. వెలుతురు ఉన్నది అరుగు మీదే.

"అన్నా, అరుగు తీసేస్తే మిషిను యాడ పెట్టుకోవాలె? జర నువ్వు మాట్లాడు. నీకు మాటొస్తది" అంది.

"నేను మాట్లాడితే ఆ సారు జీపెక్కి ఏడ్చుకుంట పోతడు చెల్లె."

"ఏడిపియ్యకు. ఉన్నది చెప్పు, సాలు."

మా వీధిలో నా మాటను సగం కోసుకుని వింటారు. కిన్నెరసానిలో దొరికిన చేప తోకను స్కూటరుకు కట్టి ఈడ్చుకొచ్చానంటే, అరచేతిలో పట్టేది దొరికి ఉంటుందిలే అనుకుంటారు. ఎవరికీ నష్టం లేదు.

మంగళవారం ఆఫీసరు వచ్చాడు. వెంట ఫైలుతో పంచాయతీ సెక్రటరీ, తెల్ల చొక్కాలో సత్తుపల్లి వైపు బిల్డరు. మేమొక ఇరవైమందిమి పోగయ్యాం. టేపు పట్టారు. ఇరవై నాలుగే వచ్చింది.

"చాలదండీ. మూడంతస్తులు దాటి ఇవ్వలేం" అన్నాడు ఆఫీసరు.

మూడంతస్తులకు అరుగుల జోలికి రానక్కర్లేదు. ఎదురింటామె ఊపిరి వదిలి, అందరికీ టీ పెట్టడానికి లోపలికి పోయింది. పని అయిపోయింది. నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు.

టీ తాగుతూ ఆఫీసరు ఆమె అరుగు మీదే కూర్చున్నాడు. "పాత వీధిలా ఉంది. ఎప్పుడూ ఇంతేనా వెడల్పు?" అని ఊరికే అడిగాడు.

అందరూ నావైపు చూశారు. అవునంటే సరిపోయేది. కానీ ఇరవైమంది ఉన్నారు, చేతిలో టీ ఉంది, నన్ను ఇంతవరకు వినని మనిషి ఎదురుగా ఉన్నాడు.

"ఇంతేనా అంటరేంది సార్! మా నాయిన కాలంల అడవి నుంచి వెదురు బండ్లు దిగేటియి. రెండు బండ్లు ఎదురుబొదురు పోయినా గెడకు గెడ తాకకపోయేది. నడిమిట్ల పెండ్లి ఊరేగింపు. దాని పక్కపొంటి ఓ పులి, ఎవ్వలకు దారియ్యకుంట."

నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు.

"మరి ఈ అరుగులు?"

"అప్పుడు అరుగులెక్కడియి సార్? తర్వాత పుట్టుకొచ్చినయ్, వానకు కుక్కగొడుగులు లేసినట్టు."

ఇంకా నవ్వారు. ఆయన మా వీధివాడు కాడని, సగం కోసుకోవడం ఆయనకు తెలియదని నాకు అప్పుడు తోచలేదు. సెక్రటరీ కలం కదులుతోంది. పులిని రాయలేదు. బండ్లను రాశాడు. తర్వాత చదివి వినిపించాడు: ఈ వీధి పూర్వం ముప్పై అడుగులకు తక్కువ లేదనియు, అరుగులు తదుపరి వెలసిన ఆక్రమణలనియు స్థానిక నివాసి తెలిపినాడు.

బిల్డరు తన పెన్ను తీసి నాకు అందించాడు. "పెద్దవారు, మీరే చెప్పారు కదండీ" అన్నాడు. అంతమందిలో అది కథ అనడానికి సిగ్గేసింది. సంతకం పెట్టాను. ఎదురింటామె గ్లాసులన్నీ ఏరుకుని లోపలికి పోయి కడుక్కుంది.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు పోయాను.

"నీ సంగతి నాకు తెల్వదా కాకా?" అన్నాడు సెక్రటరీ. "కని ఇప్పుడు గది అబద్ధమంటే, సారు ముంగట అబద్ధమాడినవని రాయాలె. రాయాల్నా?"

"రాయి."

రాశాడు. దానిమీదా సంతకం పెట్టాను. ఆ కాగితమూ అదే ఫైల్లోకి పోయింది. ఎవరైనా చదివారో లేదో తెలియదు. అయిదంతస్తులకు మంజూరు వచ్చింది.

వానలు ఆగాక జేసీబీ వచ్చి అటు మూడడుగులు, ఇటు మూడడుగులు గీసుకుంటూ పోయింది. అన్నిటికంటే ముందు మా అరుగే పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఎదురింట్లో మిషనును నేనూ ఆమె చెరో పక్క పట్టుకుని లోపలికి చేర్చాం. గుమ్మం దగ్గర ఇరుకై ఒకసారి కింద పెట్టాల్సి వచ్చింది.

"మెల్లగన్నా, కాలు మీద పడ్తది" అంది ఆమె. అంతే.

అపార్ట్‌మెంట్‌లోకి జనం దిగారు. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే మా ఆవిడ ఎదురింటి నుంచి తిరిగొచ్చింది. కుట్టడానికి పట్టుకుపోయిన జాకెట్టు గుడ్డ చేతిలోనే ఉంది.

"నల్లగుడ్డ తీస్కుంటలేదట. లోపల దారం కనిపిస్తలేదట" అంది.

"అట్లనా" అన్నాను. కంచంలో ఇంకా అన్నం ఉంది. తిన్నాను.