పాట పెట్టెకు మర మేకు

మా చిన్నప్పుడు... సాయంత్రం దీపం పెట్టగానే నాయన పాట పెట్టె మూత తీసేవాడు.

అది జపాను టేపు రికార్డరు. సిలోనులో, కొలంబోలో అంగడి నడిపిన మా మామ తెచ్చి ఇచ్చాడు. పైన రెండు పెద్ద చక్రాలు తిరుగుతుండేవి. ఇంట్లో ఎవరూ దాన్ని టేపు రికార్డరు అనలేదు... పాట పెట్టె, అంతే.

అందులో పాడింది మా అవ్వ, నాయనను కన్న తల్లి. తమిళనాడులో మా ఊరు, కోవిల్‌పట్టికి బస్సులో అరగంట. నల్లరేగడి, పత్తి, మిరప. తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా పందిట్లో అవ్వే పాడాలి. మాకు తెలుగు నోటి మాటే గాని రాత లేదు. అందుకని నాయన ఒక వేసవిలో ఆమెను కూర్చోబెట్టి పాటలన్నీ పెట్టెలోకి పట్టాడు.

మరుసటి ఏడు అవ్వకు పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోయింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆమె పాట ఆమెకే వినిపించేవాళ్ళం. మంచం పట్టె మీద ఎడమచేతి వేలు ఒకటి తాళం వేసేది. మెడ తిప్పడం కాక ఆమెలో మిగిలిన కదలిక అదొక్కటే... మేమంతా ఆ వేలినే చూస్తూ కూర్చునేవాళ్ళం.

టేపు ఒరుసుకుంటూ పోయేచోట చిన్న తల ఒకటి ఉంటుంది. పాటను చదివేది అదే. దాన్ని రెండు మర మేకులు, అంటే ఒంటి చుట్టూ మెలికల గాడి ఉన్న స్క్రూలు, బిగించి పట్టుకుంటాయి. ఒకరోజు వాటిలో ఒకటి వదులై ఎక్కడో పడిపోయింది. ఇల్లంతా ఊడ్చి వెతికాం, దొరకలేదు.

అప్పట్లో నేను కోవిల్‌పట్టిలో చదువుకుంటున్నాను. రెండో మేకును ఊడదీసి తీసుకుపోయి అంగట్లో చూపించమన్నాడు నాయన. అదీ పోతుందేమోనని భయపడి నేను ఊడదీయలేదు. మాట చెబితే చాలదా అనుకున్నాను.

ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మేకును తమిళంలో ఆణి అంటారు. కాబట్టి మర మేకు అంటే మర ఆణి... బస్సులోనే తర్జుమా చేసుకున్నాను. మనం మర అనేదాన్ని వాళ్ళు మరై అంటారనీ, వాళ్ళ మాటలో మర అంటే చెక్క అనీ నాకు తట్టలేదు.

"మర ఆణియా? కదవుక్కా, పెట్టిక్కా?" అన్నాడు అంగడాయన. తలుపుకా, పెట్టెకా అని.

మాది పాట పెట్టె కదా... "పెట్టిక్కు" అన్నాను.

చెక్క పెట్టెలకు బిగించే మొనదేలిన మర మేకు ఒకటి పొట్లం కట్టి ఇచ్చాడు.

నాయన పత్తి చేలో ఉన్నాడు. ఆయన వచ్చేలోగా బాగుచేసి పెడదామని నేనే బిగించాను. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. ఇంకా బలంగా తిప్పాను. లోపల ఏదో తెగినట్టయి, తర్వాత మేకు ఊరికే తిరగసాగింది.

నాయన వచ్చి దాన్ని బయటికి తీశాడు. మేకు చుట్టూ తెల్లటి లోహపు పొట్టు అంటుకొని ఉంది. దాన్ని అరచేతిలోకి దులుపుకొని చాలాసేపు చూశాడు. కొడతాడనుకున్నాను.

"మేకుకు మర ఉంటే చాలదు పాపా. అది కూచునే తావులో గూడా ఉండల్ల. ఆ మర పోయింది" అన్నాడు.

ఆదివారం పెట్టెను గోనెలో చుట్టుకొని ఇద్దరం విరుదునగర్ వెళ్ళాం. అక్కడ రేడియోలు బాగుచేసే పెద్దాయన మిగిలిన మేకును తీసి, తన డబ్బాలోని మేకులను ఒక్కొక్కటే దాని పక్కన ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. రెండు మేకుల మర పళ్ళ మధ్య వెలుతురు కనబడితే ఆ మేకు కాదట. చాలా మేకులు తిరగేశాక ఒకదానికి వెలుతురు కనబడలేదు. రెండు పాయింట్ ఆరు మిల్లీమీటర్లు, జపాను వాళ్ళది, ఇక్కడ అంగళ్ళలో దొరకదని చెప్పాడు.

అయినా మర తెగిన తూటులో అది నిలవదు. తూటు పెద్దది చేసి మూడు మిల్లీమీటర్ల మేకు వేశాడు. పాట చదివే తల ఒక వెంట్రుక వాసి ఒరిగింది.

ఆ సాయంత్రం పాట దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు వచ్చింది. అవ్వ కాసేపు విన్నది. వేలు కదల్లేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

రెండు రోజులు అలాగే చూసి, నాయన పెట్టెకు మూత వేసేశాడు. ఆ ఏడు ఆడి నెలలోనే, అంటే ఆషాఢంలో, అవ్వ పోయింది. ఆ మేకు సంగతి నాయన బతికినన్నాళ్ళూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పోయిన నెల పెట్టె నా చేతికి వచ్చింది. మా ఆయనకు విరుదునగర్‌లో లేత్ పట్టరై, అంటే కార్ఖానా, ఉంది. మర కొలిచే దువ్వెన లాంటి రేకులు ఇప్పుడు మా దగ్గరే ఉన్నాయి. మిగిలిన పాత మేకు లావు రెండు పాయింట్ ఆరు, పంటికీ పంటికీ నడుమ సున్నా పాయింట్ నాలుగు అయిదు. పెద్దదైన తూటులో ఇత్తడి గొట్టం దిగ్గొట్టి, దానిలో ఆ కొలతకే మర కోశాడు మా ఆయన. నేను వింటూ పెట్టెలోని తలను కొంచెం కొంచెంగా సరిచేశాను.

అవ్వ గొంతు వచ్చింది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

ఒక పాట అయిపోయాక ఆమె నాయనతో ఏదో అంటోంది. రోజూ విన్న టేపే అయినా నాకు గుర్తులేని మాట అది.

"పాప యాడికి పాయె? పిలువు. ఈ పాట దానికి రావల్ల."

దూరంగా వాకిట్లోంచి చిన్నపిల్ల గొంతు... "వస్తా అవ్వా."

అది నా గొంతే. టేపులో అవ్వ కొంచెం ఆగి, తర్వాతి పాట ఎత్తుకుంది.

నేను వెళ్ళలేదు.

మా అమ్మాయి పెళ్ళిలో పాటలు ఫోనులోంచి వచ్చాయి, తమిళంలో. పందిట్లో తెలుగు పాట తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు... నాతో కలిపి.

మీ అవ్వ పిలిచినప్పుడు ఆట మానేసి వెళ్ళి కూర్చున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే... ఏ పాట నేర్చుకున్నారో ఇక్కడ రాయండి. ఒక్క చరణమైనా చాలు.