డబ్బాలు వేడెక్కే మూల

రెండువేల దశకం చివరి సంవత్సరాల్లో నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో పరీక్షల ఇంజనీరుగా పనిచేశాను. సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటును గ్రిడ్డుకు పంపే ఇన్వర్టరు ఒకటి అప్పుడు మా దగ్గర తయారవుతోంది. లోపలికి వచ్చిన విద్యుత్తులో ఎంత భాగం బయటికి వెళ్తుందో అదే దాని సామర్థ్యం. మిగిలినదంతా వేడిగా పోతుంది. కొనేవారు అడిగిన అంకెకు మాది కొద్దిగా తక్కువలో ఆగిపోయింది. వేసవి ముగిసేలోగా ఆ అంకె రాకపోతే సోలార్ విభాగాన్ని మూసివేస్తామని యజమాని చెప్పారు. నాతోపాటు వైరింగు బల్ల దగ్గర పనిచేసే ఆరుగురు ఆడవారి పని కూడా పోతుంది.

నాలుగు నెలలు ట్రాన్సిస్టర్లు మార్చి మార్చి చూశాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నష్టం ఎక్కడ ఉంటుందని పుస్తకంలో రాసి ఉందో అక్కడే వెతకడం నాకు తెలిసిన పద్ధతి. ప్రతి సాయంత్రం అదే అంకె రాసుకుని ఇస్నాపూర్‌లోని కిరాయి గదికి చేరేవాణ్ణి. బూట్లు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

పరీక్షలో నడుస్తున్న ఇన్వర్టరు పైరేకు మీద ఆడవారు తమ అన్నం డబ్బాలు పెట్టుకునేవారు. మధ్యాహ్నానికి అవి వెచ్చబడేవి. ఒకరోజు విసుగు ఆపుకోలేక అన్నీ తీసివేయమన్నాను. వారిలో వయసులో పెద్దావిడ డబ్బాలు దించుతూ అంది:

“తీస్తం సారూ. వేడి ఏడికెల్లి వస్తుందో నాలుగు నెలల సంది దేవులాడుతున్రు. మా డబ్బాలనడిగితే చెప్తుండె. గా కుడి మూలకు పెట్టిందే ముందు కాలుతది. గా జాగ కోసం మాకు రోజు పొద్దుగాల లొల్లే.”

నేను ఆ మూల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాను. ట్రాన్సిస్టర్లు ఉన్నది ఎడమవైపు. కుడి మూల కింద పెద్ద రాగితీగ చుట్ట ఒక్కటే ఉంది, రేకుకు దాదాపు ఆనుకుని. దాని అయస్కాంత ప్రభావం ఇనుపరేకులోకి పాకి, రేకునే వేడెక్కిస్తోంది. చోటు కలిసివస్తుందని చుట్టను అక్కడ బిగించమని గీసి ఇచ్చింది నేనే.

దానిని నాలుగు అంగుళాలు లోపలికి జరిపించాను. మరునాడు ఉదయం అంకె వచ్చింది. మూడుసార్లు కొలిచినా వచ్చింది. సంతోషించాలని తెలుసు, కానీ ఎక్కడైనా కాసేపు కూర్చుంటే చాలుననిపించింది.

ఆ రోజు డబ్బాలు మళ్ళీ పెట్టుకోనిచ్చాను. మధ్యాహ్నం పెద్దావిడ మూత తీసి అన్నాన్ని వేళ్ళతో తాకింది.

“సల్లగనే ఉంది సారూ.”

ఇకమీదట అలాగే ఉంటుందని, క్షమించమని అన్నాను.

“గీ మిషిన్ సల్లగుంటేనే మా పని ఉంటదన్నరు గద. ఇగ క్షమించుడేంది? కూసోండ్రి, పచ్చిపులుసు తెచ్చిన. దానికి వేడి అక్కర లేదు.”

నా డబ్బా తెచ్చుకుని వారి బల్ల చివర కూర్చున్నాను. అన్నం గట్టిపడి ముద్దలు కట్టింది. పులుసు పోసి చిదుపుకుని, ఏడుగురమూ కలిసి తిన్నాము.