నలభై ఏడో రాయి

పాత పుస్తకాలను ఎండలో పెట్టినప్పుడు ఒక వాసన వస్తుంది. ఎండిన వేపాకు, కిరసనాయిలు, ఎలుకలు కొరికిన అట్టల జిగురు కలిసిన వాసన. మొన్న ఆదోనిలో మా బాప్టిస్టు చర్చి వసారాలో చెదలు పట్టిన రిజిస్టర్లు ఆరబెట్టారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఆ వాసన తగలగానే నాకు మళ్లీ తొమ్మిదేళ్లు, పక్కన మా అవ్వ.

మేం ఎమ్మిగనూరులో ఉండేవాళ్లం, తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యే వీధిలో. సెలవులు రాగానే నాయన నన్ను ఆదోనిలో వాళ్లమ్మ దగ్గర దించేవాడు. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చే దూది వేపకొమ్మలకూ, ఆరేసిన చీరలకూ, ఒక్కోసారి పొయ్యి మీది కొర్రన్నానికీ అంటుకునేది. మధ్యాహ్నాలు చర్చి మెట్ల మీద ఆడపిల్లలం గులకరాళ్లు ఎగరేసి అచ్చనగాయలు ఆడేవాళ్లం. ఈస్టరుకు అవ్వ చేసే కజ్జికాయల్లోని కొబ్బరి, బెల్లం సాయంత్రం దాకా పళ్ల సందులు వదిలేవి కావు. పొద్దున్నే లేచి, ముఖమైనా కడుక్కోకుండా, అవ్వ పీట ఎక్కి గోడ గడియారానికి కీ ఇచ్చేది.

అది దొర గడియారం. అవ్వ తండ్రి దాసు, పత్తి ప్రెస్సు దొర ఇంట్లో బట్లరు. దాసు భార్య అవ్వను కని కన్నుమూసింది. పెళ్లాం పేరు పలకడం మొగుడికి తగదనుకునే రోజులవి. సవతి తల్లి వచ్చాక ఆ ఊసే ఇంట్లో లేకుండా పోయింది. డెబ్బై ఏళ్లు దాటినా అవ్వకు కన్నతల్లి పేరు తెలియదు, ఎక్కడ పాతిపెట్టారో తెలియదు. చనిపోతే తల్లి పక్కన పడుకోవాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక.

ఆదోని పూర్వం బళ్లారి జిల్లాలో ఉండేది కనుక నాయన బళ్లారి కోర్టుకు పోయి దొర వీలునామా నకలు తెచ్చాడు. బట్లరు దాసుకు గోడ గడియారం, అతని భార్య సమాధికి ఒక రాయి అని ఉంది, అంతే. నాయన రెండుసార్లు చదివాడు.

"పేరు రాసేదానికి దొరకు సిరా సాల్లేదేమో," అంది అవ్వ.

ఇక మిగిలింది చర్చి రిజిస్టరు. మాలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు. పెద్దయ్యాక, సంఘం ముందు తమ విశ్వాసం ఒప్పుకున్నవాళ్లను నిలువునా నీళ్లలో ముంచుతారు, అప్పట్లో చర్చి దిగుడుబావిలో. అలా మునిగినవాళ్ల పేర్లే రిజిస్టరుకెక్కుతాయి. సమాధుల మీద అప్పట్లో అంకెల రాళ్లే ఉండేవి. ఏ అంకె ఎవరిదో ఆ పుస్తకమే చెప్పాలి. తన తండ్రితో పాటే తల్లీ మునిగి ఉంటుందని అవ్వ నమ్మకం. మాకూ వేరే ఆలోచన రాలేదు.

పాస్టరుగారికి చూపు మందగించింది.

"ఏమయ్యవారూ, కండ్లద్దాలు గూడా కానుక పెట్టెలో ఏసినారా?" అని అవ్వ ఆయన్ను నవ్వించి, పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "నువ్వు సదువు పాపా."

పొద్దుటి నుంచి చదివాను. మార్తమ్మలు, రూతమ్మలు, సువార్తమ్మలు. ఒక్కరి పక్కనా దాసు పేరు లేదు. మెట్ల మీద పిల్లలు నన్ను పిలుస్తున్నారు. ప్రతి పేరుకూ అవ్వ ముందుకు వంగి, నేను తల అడ్డంగా ఊపగానే వెనక్కి ఒరుగుతోంది. అప్పుడొక పేరు కనిపించింది: శాంతమ్మ, నలభై ఏడు. పక్కన ఎవరి భార్యో రాసి లేదు.

"శాంతమ్మ, బట్లరు దాసు భార్య," అన్నాను.

అవ్వ మెల్లగా, "శాంతమ్మ," అని పలికి చూసుకుంది. "యాడుంది అయ్యవారూ మాయమ్మ?" అని పాస్టరు చేయి పట్టుకుని లేచింది.

దొర బాకీపడ్డ రాయిని నాయన వేయించాడు. ప్రతి ఈస్టరు తెల్లవారుజామున అవ్వ నలభై ఏడో రాయి దగ్గర మల్లెపూలు పెట్టేది. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆమెను అక్కడే, ఆమె అడిగినట్టే పాతిపెట్టారు. అప్పుడూ నేను నోరు తెరవలేదు.

మొన్న వసారాలో రిజిస్టరు కింద ఒక పలచని నోటుపుస్తకం దొరికింది. బాప్తిస్మం అడిగి ఇంకా మునగనివాళ్ల జాబితా. మూడో పేజీలో ఉంది: "కోసిగి ఈరమ్మ, బట్లరు దాసు భార్య. సంఘం ఒప్పుకుంది. బావిలో నీళ్లు లేవు. వానలు పడేవరకు ఆగమన్నాము." కింద వేరే సిరాతో: "వానకు ముందే కాన్పులో పోయింది. బాప్తిస్మం కాలేదు గనుక సమాధుల గోడ బయట పాతిపెట్టాము."

తొమ్మిదేళ్లప్పుడు ఆ పూటే పేరు లేదని చెప్పి ఉంటే అవ్వ ఊరుకునేది కాదు, ఇంకో పుస్తకం తెమ్మనేది. ఇప్పుడు గోడ బయట లారీల షెడ్డు, టైర్ల కొట్టు. నేల మీద గ్రీజు. ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు తిరిగి, లోపలికి వచ్చి, అవ్వ రాయి దగ్గర ఈరమ్మ పేరు చెప్పాను. పక్కన శాంతమ్మ, ఎవరి తల్లో.

ఆ పాత బావిని ఎప్పుడో పూడ్చేశారు. దాని మీద పలకలు పరిచిన తొట్టి కట్టారు. ఆదివారం ముగ్గురు ఆడపిల్లలకు బాప్తిస్మమట, ఎవరో కొళాయి తిప్పి పోయారు. చూస్తుండగానే నిండింది.