ఆ బెంచీలు ఎవరు ఖాళీ చేశారు?

సినిమా అందరి ఫోన్లలోకీ వచ్చిన రోజున, మా దీవిలోని బ్రూక్షాబాద్ తెలుగు చర్చి పెద్ద నన్ను నడిరోడ్డు మీద ఆపాడు.

"చూశారా మాస్టారూ! ఆదివారం నిలబడ్డానికి చోటుండని చర్చిని బోసిగా చూపించింది ఆ సినిమా తీసిన పిల్ల. అంతా ఎడిటింగ్ మోసం!"

మోసం కాదు. నేను అక్కడే ఉన్నాను.

ఆ డాక్యుమెంటరీ మా వీధిలో ఆయా పని చేసుకునే ఒకావిడ కుటుంబం గురించి. ఆమె కొడుకు వెల్డింగ్ పనికని సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లి ఉగ్రవాదం కేసులో అరెస్టయ్యాడు. విచారణ ఇంకా నడుస్తోంది. అతను నేరం చేశాడో లేదో నాకు తెలియదు, కోర్టే ఇంకా తేల్చలేదు. మా వీధి మాత్రం వార్త వచ్చిన పూటే తేల్చేసింది. సాక్ష్యం అడక్కుండా నమ్మడమే మూఢనమ్మకమని ముప్పై ఏళ్లు బడిలో చెప్పాను. ఆ పాఠం విన్న పిల్లల్లో అతనూ ఒకడు.

చర్చిలో షూటింగుకు ముందురోజు ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"నా పక్కన ఎవరూ కూర్చోరంట మాస్టారూ. మీరొక్కరు కూర్చోండి, చాలు. మాకూ మనుషులున్నారని జనం చూడాల."

"నేను దేవుణ్ణి నమ్మనమ్మా. చర్చిలో కూర్చుంటే నవ్వుతారు."

ఎంత చక్కటి సాకు! ఏ చర్చావేదిక మీదా హేతువాదం నాకు అంతగా అక్కరకు రాలేదు. అసలు సంగతి వేరు. మా అమ్మాయి ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ పెండింగులో ఉంది.

అయినా చర్చి వరండా దాకా వెళ్లాను. సినిమా తీసే అమ్మాయి మర్యాదగానే చెప్పింది, కనబడటం ఇష్టం లేనివాళ్లు పక్కకు జరగమని. లోపల బెంచీ మీంచి ఒకడు లేచాడు.

"అరే భయ్యా, ఇందులో పడితే ఆఫీసులో ఫస్ జాయేంగే, ఇరుక్కుపోతాం! చలో చలో!"

"దీదీ, నీ కొంగు కెమెరాలో పడతంది, లాక్కో!"

నవ్వులు కూడా! మా తాతలు ఓడ దిగిన రోజున భాష తెలియని పొరుగువాళ్లు చాప పరిచి కూర్చోబెట్టారని ప్రతి పండక్కీ గొప్పగా చెప్పుకునే జనం వీళ్లు. ప్రేమ గురించి వాక్యం చదవాల్సిన ఈ పెద్దే బైబిలు చంకన పెట్టుకుని స్తంభం చాటుకు నక్కాడు. అద్దంలోంచి కెమెరాకు కనబడతానేమోనని నేను కిటికీ దగ్గర నుంచి తప్పుకున్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పాటల పుస్తకం తెరిచి ఒక్కతే పాడింది.

"బెంచీలు ఖాళీ చేసింది మీరే కదయ్యా!" అని ఇప్పుడు రోడ్డు మీద ఆ పెద్దతో అరిచాను.

"మేం లోపలికొచ్చి లేచాం. మీరు లోపలికే రాలేదు కదా?"



తర్వాతి ఆదివారం వెళ్లి ఆమె బెంచీ మీద కూర్చున్నాను. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.

"ఇయ్యాళ కెమెరా లేదులెండి మాస్టారూ," అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నిబ్బరంగా కూర్చోండి."