పదిహేనేళ్ల దగ్గర ఆగిన మొత్తం

పదమూడేళ్లుగా ఒక కాగితం మోస్తున్నాను. కాగితం బరువెంతని మోయడానికి, అంటారు మీరు. నిజమే. పైగా ఆ కాగితం నా దగ్గర లేదు కూడా. ఆ రోజే అన్వర్ చొక్కా జేబులోకి వెళ్లిపోయింది. బరువు ఒక్కటే నాకు మిగిలింది. అన్వర్ అసలు పేరు కాదు. నా పేరు అసలే చెప్పను.

అప్పట్లో మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో ఎక్సెల్ నేర్పేవాణ్ణి. నేర్పడమే తప్ప జీవితంలో దేన్లోనూ ఎక్సెల్ అయింది లేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకున్నాను. సాంబారులో ముక్క దొరికిన రోజు పక్క మంచం వాళ్లకి చూపించుకుని తినే హాస్టల్ అది. అన్వర్ నా క్లాసులో చివరి బెంచీ. పందొమ్మిదేళ్లు. రోజూ నిద్రపోయేవాడు. లేపి అడిగితే, మిలిటరీ సెలక్షన్ల కోసం పొద్దున్నే పరుగు ప్రాక్టీసు చేస్తున్నానన్నాడు. ఎక్సెల్ వాళ్ల నాన్న, అంటే అబ్బా, కోసమట, పరుగు తన కోసమట. అంత నిజాయితీగా నిద్రపోయే విద్యార్థిని మళ్లీ చూడలేదు.

వాళ్లిల్లు పంజగుట్ట మెయిన్ రోడ్డు వెనక గల్లీలో, రెండు గదులు. ఒక ఆదివారం తీసుకెళ్లాడు. వాళ్లమ్మ ఖిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా, కీమా పెట్టింది. తర్వాతి ఆదివారం పిలవకుండానే వెళ్లాను. నెల తిరిగేసరికి నాలుగో కంచం పెట్టడం ఆవిడకి అలవాటైపోయింది. నాకు కామెర్లు వచ్చినప్పుడు నూనె లేని పప్పు, మెత్తటి అన్నం బాక్సులో కట్టి నెలరోజులు అన్వర్ చేత హాస్టల్‌కి పంపింది. ఊళ్లో ఉన్న మా అమ్మకి ఆ జబ్బు సంగతే తెలియదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈ రోజుకీ ఆ ఇంటిని తలచుకుంటే ముందు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సిగ్గు ఆ తర్వాత వస్తుంది.

అన్వర్ పరుగు నెగ్గాడు. మెడికల్, రాతపరీక్ష కూడా దాటాడు. సిపాయిగా చేరమని కాగితం వచ్చింది. వాళ్ల అబ్బా సనత్‌నగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. కొడుకునీ పనిలో పెట్టుకుంటానని షెడ్డు యజమాని సేఠ్ మాటిచ్చి ఉన్నాడు. తుపాకీ అంటే అబ్బాకి భయం లేదు, ముసలితనం అంటేనే భయం. పదిహేనేళ్లు చేసి ముప్పై నాలుగేళ్లకి ఇంటికొచ్చేస్తే ఆ తర్వాత ఏం తింటాడన్నది ఆయన ప్రశ్న. పదిహేనేళ్లకి పింఛనొస్తుందని అన్వర్ ఎంత మొత్తుకున్నా నోటిమాట ఆయనకి ఆనలేదు. కాగితం మీద చూపించమన్నాడు. ఆయన ఊ అనందే అన్వర్ కదలడు. చూపించే పని నా మీద పడింది. మాస్టర్ని కదా.

ఒక పక్క సిపాయి జీతం, ఇంకో పక్క షెడ్డు జీతం, ఏడాదికో వరస. మొదట పదిహేనేళ్లకే వేశాను. పింఛను కూడా చూపించన్నా, అసలు సంగతి అదే కదా అన్నాడు అన్వర్. సరేనని కింద మరిన్ని వరసలు చేర్చి, వాడికి అరవయ్యేళ్లు వచ్చేదాకా లాగాను. షెడ్డు మొత్తాన్ని కింది వరస దాకా సరిచేశాను. సిపాయి మొత్తాన్ని సరిచేయడం మరిచిపోయాను. అది పదిహేనో ఏడు దాకానే కూడుతోంది. పింఛను వరసలు కాగితం మీద కనబడుతూనే ఉన్నాయి, మొత్తంలోకి మాత్రం రాలేదు. కొత్త వరసలు చేరిస్తే మొత్తం ఎక్కడిదాకా కూడుతోందో చూసుకోండని క్లాసులో మొదటి వారమే చెప్పేవాణ్ణి. చెప్పినందుకు ఫీజు కూడా తీసుకునేవాణ్ణి.

ఇంతవరకూ అది పొరపాటు. పొరపాటుకైతే మిమ్మల్ని ఇంత దూరం కూర్చోబెట్టను.

ఆదివారం మధ్యాహ్నం ప్రింటు పట్టుకుని వెళ్లాను. పైనుంచి చదువుతూ అడుగుకి వచ్చేసరికి కనబడింది. సిపాయి మొత్తం షెడ్డు మొత్తంలో సగం కూడా లేదు. ఉండాల్సింది దాన్ని మించి. ఎక్కడ తప్పిందో వెంటనే అర్థమైంది. చెబుదామని నోరు కూడా తెరిచాను. ఇంతలో మిషన్ నూనె ఇంకి నల్లబడ్డ అబ్బా వేలు వచ్చి ఆ అంకె మీద ఆగింది.

“గీ లెక్క పక్కానా, మాస్టర్?”

“పక్కానే, చాచా.”

“సూసినవా బేటా. మాస్టర్ మనోడు. మనకు తప్పు జెప్పడు.”

అన్వర్ కాసేపు కాగితం వంక చూశాడు. క్లాసులో నిద్రపోయినందుకు తప్పు కనబడలేదో, చేసింది నేను కాబట్టి వెతకనే లేదో. లెక్క లెక్కే గదన్నా అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లమ్మ కంచాలు పెట్టింది. తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

ఎందుకు చేశాను? మాస్టర్ పరువు పోతుందనా? కొంత. కొడుకు ఇంట్లోనే ఉంటాడని తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ మొహం అప్పుడే తేటపడింది, దాన్ని చెడగొట్టలేకనా? చాలా ఏళ్లు ఈ కారణానికే పెద్దపీట వేశాను, ఎందుకంటే అందులో నేను మంచివాడిలా కనబడతాను. అసలుది ఇంకా చిన్నది. అన్వర్ వెళ్లిపోతే ఆదివారం ఎవరి స్నేహితుణ్ణని ఆ గడప తొక్కాలి? ఒక కుర్రాడి జీవితకాలపు భరోసాని ఒక పక్క, నా ఆదివారం భోజనాన్ని ఒక పక్క పెట్టి తూచాను. భోజనమే మొగ్గింది. చాచా అని వరస కలిపిన నోటితోనే ఆయన కొడుకు వరసలు మింగాను. కూడు పెట్టిన ఇంటికి కూడికలో ద్రోహం చేశాను. ఇలా మాటలతో ఆడుకోవడం కూడా తప్పించుకోవడమేనని తెలుసు. అలవాటు పోవడం లేదు.

చేరాల్సిన తేదీకి అప్పటికి పన్నెండు రోజులున్నాయి. రోడ్డు మధ్య మెట్రోకి గుంతలు తవ్వుతున్న రోజులే అయినా, అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఎంత దూరం? షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ పెట్టిన రెండో పాట అయ్యేలోపు దిగిపోతాం. ఆ పన్నెండు రోజులూ నాకు ఆటో దొరకలేదు.

తేదీ దాటిపోయింది, అన్వర్ షెడ్డులో చేరాడు. ఆ షెడ్డు లాక్‌డౌన్‌లో మూతపడింది. అన్వర్ ఇప్పుడు పంజగుట్టలో ఒక బట్టల షాపు ముందు సెక్యూరిటీ. నీలం యూనిఫాం, మెడలో విజిల్. నన్ను చూస్తే కాలు నేలకి కొట్టి సెల్యూట్ చేస్తాడు, నవ్వుతూ. ఆ రోజు చేరి ఉంటే ఇంకో రెండేళ్లలో పింఛను చేతికొచ్చేది. అబ్బా పక్షవాతంతో రెండేళ్లు మంచాన ఉండి చనిపోయాడు. ఆ రెండేళ్లూ లేపి కూర్చోబెట్టి తినిపించింది అన్వరే. నువ్వు లెక్క ఏసి ఆపినవ్ గాబట్టి సరిపోయిందన్నా, లేకుంటే ఎక్కడో బార్డర్ల ఉంటుంటి, అంటాడు. నాకు థాంక్స్ చెబుతాడు. ఆ సేవ వాడు చేసుకున్నది. దాని చాటున నేను దాక్కుంటే ఎలా?

మరి వాడికెందుకు చెప్పవంటారు. చెబితే నా బరువు దిగుతుంది, వాడికి ఎక్కుతుంది. రోజంతా కాళ్ల మీద నిలబడే మనిషికి ఇదొకటా? లేక ఇలా అనుకోవడం కూడా నాకు సుఖంగా ఉండే ఇంకో సాకేనా? తేల్చుకోలేకపోతున్నాను. అందుకే ముందు మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. మీరు ఆ ఇంటి మనుషులు కారు, ఇవ్వడానికి మీ దగ్గర అది లేదు.

ఇన్నేళ్లుగా లోపల చెప్పుకున్న ప్రతిసారీ పొరపాటు, మరుపు, తొందర అని ఏదో ఒకటి ముందు పెట్టుకునేవాణ్ణి. ఇవాళ అవేవీ లేకుండా రాసి చూస్తున్నాను. లెక్క తప్పని నాకు తెలుసు. తెలిసే పక్కా అన్నాను.

రాశాను. ఊపిరి చాన్నాళ్లకి పూర్తిగా ఆడింది.