కందిరీగ గూడు, గడియారాల తాత

నా చిన్నప్పుడు, హైదరాబాదు ఇంకా నిజాం రాజ్యంగా ఉన్న ఆఖరి వానాకాలంలో, నేను దాదాపు ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేసేవారు. అమ్మ కాన్పుకని గుంటూరు దగ్గర అమ్మమ్మగారింటికి వెళ్ళింది. బిడ్డకు మూడో నెల రాగానే వచ్చేస్తానంది. ఈలోగా గొడవలు ముదిరాయి. సరిహద్దు దాటి వచ్చే రైళ్ళు ఆగిపోయాయి, వాటితోపాటు ఉత్తరాలూ ఆగిపోయాయి. బడి మూసేశారు. మా వరసలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

అమ్మ ఎప్పుడొస్తుందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు. వచ్చే ఆదివారం వచ్చేస్తుంది. నాన్న అలాగే అనేవారు, పక్కింటి పిన్నిగారు అలాగే అనేవారు, ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారూ అలాగే అన్నారు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. కొన్నాళ్ళకు నేను అడగడం మానేశాను. ‘పిల్ల సర్దుకుంది’ అని పిన్నిగారు నాన్నతో చెప్పడం విన్నాను. సర్దుకోవడం, నా బొంద. పొద్దున నాన్న కార్ఖానాకు వెళ్ళింది మొదలు సాయంత్రం తిరిగొచ్చేదాకా వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ ఒంటరితనం ఎలాంటిదో ఇప్పుడు చెబుదామన్నా మాటలు చాలవు.

ఆ వరండా గోడ మీదే ఒక కందిరీగ గూడు కట్టడం మొదలుపెట్టింది. కొళాయి దగ్గరి తడిమట్టిని ఉండ చేసి తెచ్చేది, ముందుకాళ్ళతో పట్టుకుని నోటితో మెదిపి అద్దేది. రెండు రోజుల్లో చిన్న కుండలాంటి గూడు తయారైంది. తర్వాత పచ్చటి పురుగుల్ని ఒక్కొక్కటిగా మోసుకొచ్చి లోపలికి తోసింది. అవి ఎందుకని పిన్నిగారిని అడిగాను. అందరూ చెప్పేదే ఆవిడా చెప్పారు. కందిరీగ పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుందట. పురుగు ఆ చప్పుడే వింటూ, దాన్నే తలుచుకుంటూ, చివరికి తానూ కందిరీగ అయిపోతుందట.

అది విన్న క్షణం నుంచి నాకు ఆ గూడే లోకమైంది. తలుచుకుంటేనే పురుగు కందిరీగ అయిపోతే, నేను తలుచుకుంటే అమ్మ రాకుండా ఎలా ఉంటుంది? లోపలి పురుగు కందిరీగై బయటికొచ్చిన రోజున అమ్మ వస్తుందని నాకు నేనే పందెం కాసుకున్నాను. అయితే గూటి నోరు మూసేశాక కందిరీగ ఎటో వెళ్ళిపోయింది. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. రాలేదు. చప్పుడు వినబడకపోతే పురుగు ఏమైపోతుందోనని నాకు బెంగ పట్టుకుంది. ఇక ఆ పని నేనే మొదలుపెట్టాను. పీట ఎక్కి, గూటికి నోరు ఆనించి, పొద్దునా సాయంత్రం ఝుమ్మని రాగం తీసేదాన్ని. ఊపిరి అందక కళ్ళు తిరిగేవి.

సందుకు అవతల ఒక సాయిబుల తాత గడియారాలు బాగుచేసేవాడు. ఆయన భార్య, కొడుకు, కోడలు, మనవరాలు బీదరు దగ్గరి పల్లెకు, కోడలి పుట్టింటికి వెళ్ళారు. పట్నంకన్నా పల్లెలో భయం ఉండదని ఆయనే పంపించాడట. ఆయన మాత్రం ఊరొదిలిపోయినవాళ్ళ గడియారాల కోసం ఉండిపోయాడు. కీ ఇవ్వకపోతే లోపల నూనె గడ్డకడుతుందని రోజూ అన్నింటికీ తిప్పేవాడు. గోడకు నోరు ఆనించిన పిల్లను ఎన్నాళ్ళు చూశాడో తెలియదు. ఒక పొద్దున సందు దాటి వచ్చి పీట పక్కన నిలబడ్డాడు.

“ఏం చేస్తున్నవ్ బిడ్డా?”

చెప్పాను. పందెం సంగతి కూడా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. “చిన్నగున్నప్పుడు నేను సుత గట్లనే నమ్మిన,” అన్నాడు. సన్నటి కత్తి తెచ్చి, గడియారం మూత తీసినంత నెమ్మదిగా గూటిని గోడ నుంచి వేరుచేశాడు. తన కంటికి పెట్టుకునే భూతద్దం నా కంటికి పెట్టి, పడిపోకుండా వేలితో పట్టుకున్నాడు. “జెర దగ్గరికొచ్చి సూడు. నేను చెప్పుడు కాదు, నువ్వే సూడు.”

చూశాను. గోడకు అంటుకున్న వైపున గూడు తెరుచుకుంది. పచ్చటి పురుగులు కట్టెల్లా పేర్చి ఉన్నాయి. అవి చావలేదు, అలాగని కదలడమూ లేదు. వాటి మధ్య కాళ్ళు లేని తెల్లటి పురుగు ఒకటి ఉంది. దాని చిన్న నోరు ఆగకుండా ఆడుతోంది. పచ్చపురుగును కొరుక్కు తింటోంది. ఆ తెల్లదాని చర్మం కింద ఏదో మెల్లగా పారుతున్నట్టు కూడా కనిపించింది. కన్ను తీయలేకపోయాను. ఏ పురుగూ కందిరీగ కావడంలేదు. కందిరీగ పిల్ల తిండి తింటోంది, అంతే.

“మరి వాళ్ళమ్మ?” అన్నాను.

“తిండి పెట్టి తలుపు మూసి పోయింది. ఇగ రాదు.”

“మా అమ్మ?”

ఆయన అద్దం తీసేసుకున్నాడు. చాలాసేపు దాన్ని చొక్కాకు తుడిచాడు. “నాకు తెల్వదు బిడ్డా. మీ నాయనకు సుత తెల్వదు. మావోళ్ళు ఎప్పుడొస్తరో, గది సుత నాకు తెల్వదు.”

అన్నాళ్ళలో నాతో నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే. నేను ఏడ్చాను. ఊరుకోమని ఆయన అనలేదు. గూటిని తడిమట్టితో మళ్ళీ గోడకు అతికించి, తన గడియారాల పెట్టె తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సగం గడియారాలకు నేను కీ ఇచ్చేదాన్ని. మధ్యలో చీమ మొహం, మిడత మోకాలు, ఈగ కన్ను, ఏది దొరికితే అది అద్దంలో చూసేవాళ్ళం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. బెంగ తగ్గలేదు, కానీ మోయడానికి ఇంకో మనిషి దొరికాడు. ఒక పొద్దున గూటికి కన్నం కనిపించింది. కందిరీగ ఎప్పుడు వెళ్ళిందో మేం చూడనేలేదు. అమ్మ ఆ రోజూ రాలేదు.

తర్వాత విమానాల మోత, పోలీసు చర్య, నిజాం రాజ్యం పడిపోయిన ఆ అయిదు రోజులు. అన్నీ అయ్యి రైళ్ళు నడిచాక, ఒక మధ్యాహ్నం అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. నేను తమ్ముణ్ణి లాక్కుని నేరుగా తాత దగ్గరికి పరిగెత్తాను. ఆయన వాణ్ణి ఎత్తుకుని వేళ్ళన్నీ చూసి, “మంచిగైంది బిడ్డా,” అన్నాడు.

“మీవాళ్ళెప్పుడొస్తారు తాతా?”

“తెల్వదు. బీదరు దిక్కు నుంచి ఒక్క ఖబర్ లేదు.”

నాకు ఒళ్ళంతా సంతోషమే. ఆ సంతోషంలో, “వచ్చేస్తారు తాతా, ఆదివారానికల్లా వచ్చేస్తారు,” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. “గట్లనే బిడ్డా,” అని తమ్ముణ్ణి నా చేతికిచ్చి, భూతద్దం కంటికి బిగించుకుని పనిలోకి వంగాడు. నేనేం చేశానో ఆ వంగడంలో నాకు అర్థమైంది. తప్పయిందని చెప్పే ధైర్యం ఎనిమిదేళ్ళకు ఎక్కడుంటుంది? సిగ్గుతో ఆ గుమ్మం వైపు వెళ్ళడమే మానేశాను. ఆయన వాళ్ళు రాలేదు. ఆ రోజుల్లో బీదరు పల్లెల్లో ఎందరు సాయిబుల్ని చంపేశారో నాకు పెద్దయ్యాకే తెలిసింది. ఏడాది తిరక్కముందే ఆయనా గది ఖాళీచేసి వెళ్ళిపోయాడు.

పెద్దయ్యాక నర్సునయ్యాను. ఆసుపత్రి వరండాల్లో ఎందరో నా చెయ్యి పట్టుకుని, బతుకుతాడా, వస్తుందా అని అడిగారు. తెలియకపోతే తెలియదనే చెప్పాను. చెప్పి వెళ్ళిపోకుండా పక్కన కూర్చున్నాను. దానికే చాలామంది దండం పెట్టారు. నాకిప్పుడు ఎనభై దాటాయి. ఎవరు దండం పెట్టినా నాకు గుర్తొచ్చేది ఒకటే. ఆ తాత నా పక్కన కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చోలేదు.